అయిపోయే ఆటలు, అయిపోని ఆటలు

విజయవాడలో నలభై దాటిన గేమర్‌ను ఎవరినైనా కదిపి చూడండి, 'ఇప్పటి గేమ్‌లలో ఆ మజా లేదు' అనే మాట వచ్చి తీరుతుంది. హాల్లో కొడుకు పీఎస్5 (సోనీ ప్లేస్టేషన్ 5) ముందు కూర్చుని ఉంటాడు. తండ్రి మాత్రం పక్క గదిలో ఫోన్‌లో ఎమ్యులేటర్ (పాత గేమ్ యంత్రాన్ని అనుకరించే యాప్) వేసుకుని, వేళ్లకు సరిగ్గా అందని టచ్ బటన్లతో కాంట్రా అనే పాత తుపాకుల గేమ్ ఆడుతుంటాడు. 2021 ఫిబ్రవరిలో మన దేశానికి వచ్చినప్పుడు పీఎస్5 ధర 49,990 రూపాయలు. ఒక్కో పెద్ద గేమ్ 4,999. అంత పోసి కొన్నది ఇంట్లో ఉండగా ఎప్పటిదో ముసలి గేమ్ కోసం ఈ యాతనేమిటని ఇంట్లోవాళ్లు నవ్వుకుంటారు.

చాదస్తం అని తీసిపారేస్తే పని తేలిక. చాదస్తం కొంత ఉంది కూడా. సుమారు పదేళ్ల నుంచి ముప్ఫై ఏళ్ల లోపు జరిగినవే మనిషికి జీవితాంతం ఎక్కువగా గుర్తుంటాయని మనస్తత్వ శాస్త్రం చెబుతోంది. పాటలకైనా సినిమాలకైనా ఇదే వర్తిస్తుంది. అయితే ఆ వాటా తీసేశాక కూడా కొంత కారణం మిగులుతుంది. పాత గేమ్ అయిపోయేది. అయిపోయాక కూడా కొన్నవాడి దగ్గరే ఉండేది. ఇప్పటి పెద్ద గేమ్‌లలో చాలావాటికి ఈ రెండు గుణాలూ లేవు. గ్రాఫిక్స్ బాగున్నాయా లేదా అన్న వాదనంతా దీని ముందు చిల్లర విషయం.

ముందు ఈ ప్రాంతంలో ఆట ఎలా మొదలైందో చూడాలి. టీవీకి తగిలించి ఆడే యంత్రం (కన్సోల్) నింటెండో ఫ్యామికామ్ జపాన్‌లో 1983లో వచ్చింది. తొంభైల్లో కృష్ణా, గుంటూరు జిల్లాల ఇళ్లకు చేరినవి దాని నకళ్లు. విజయవాడ బీసెంట్ రోడ్డులోనో, గుంటూరు బ్రాడీపేటలోనో దుకాణానికి వెళ్లి 'టీవీ గేమ్' అని అడిగితే పెట్టె తీసి చూపించేవారు. లోపల రెండు రిమోట్లు, ఒక అడాప్టర్, ఒక తుపాకీ. క్యాసెట్ మీద '9999 ఇన్ 1' అని రాసి ఉండేది. తీరా చూస్తే అసలు గేమ్‌లు చేతివేళ్ల మీద లెక్కపెట్టేటన్నే. వాటికే లైఫ్‌లు పెంచి, రంగులు మార్చి, మధ్య స్టేజీ నుంచి మొదలయ్యేలా చేసి జాబితా నింపేవారు. మోసమే, కానీ పిల్లలెవరూ ఫిర్యాదు చేయలేదు.

రోహిణి కార్తె ఎండల్లో పిల్లల్ని బయటికి వదలని రోజులవి. సెలవులకు అమ్మమ్మ ఇంటికి వచ్చినవాళ్లు, పక్క వాటా పిల్లలు, అందరూ ఒకే టీవీ ముందు చేరేవారు. టీవీ గేమ్ ఆడితే పిక్చర్ ట్యూబ్ పోతుందని పెద్దవాళ్ల బెదిరింపు. అడాప్టర్ కాలిపోతుంటే కాసేపు ఆపాల్సిందే. కరెంటు పోతే ఆట మొదటికి వచ్చేది. మారియోలో సేవ్ అన్న మాటే లేదు. లైఫ్ పోయినవాడు రిమోట్ పక్కవాడికి ఇచ్చేయాలి.

ఈ కొరతే ఆటకు రుచి తెచ్చిందనేవాళ్లు ఉన్నారు. అందులో సగమే నిజం. కొరత క్యాసెట్‌లోని అన్ని గేమ్‌లకూ ఒకటే. అయినా పిల్లలు కొన్నిటినే మళ్లీ మళ్లీ పెట్టుకున్నారు, మిగతావాటిని ఒకసారి చూసి వదిలేశారు. నిలబడ్డ వాటిలో ఏదో ఉండబట్టే నిలబడ్డాయి.

ట్యాంకుల గేమ్‌నే తీసుకోండి. అసలు పేరు బ్యాటిల్ సిటీ, 1985లో నామ్‌కో చేసింది. మొత్తం 35 స్టేజీలు, స్టేజీకి 20 శత్రు ట్యాంకులు, తెర అడుగున ఇటుక గోడల మధ్య కాపాడుకోవలసిన గద్ద. ఇద్దరు కలిసి ఆడొచ్చు. తోడు ఆడేవాడి గుండు తగిలితే మన ట్యాంకు పేలదు, కాసేపు కదలకుండా బిగుసుకుపోతుంది. ఈ ఒక్క నియమం ఎన్ని ఇళ్లలో అన్నదమ్ముల మధ్య తగవులు పెట్టిందో చెప్పలేం. తోటివాణ్ని చంపే వీలు లేదు, ఏడిపించే వీలు మాత్రం బోలెడంత. పైగా కంగారులో మన గుండే గద్దకు తగిలితే ఇద్దరి ఆటా అక్కడితో సరి. స్నేహం, పగ, బాధ్యత అన్నీ ఒక తెరలో ఇమిడిపోయాయి. నియమాలు అర్థం కావడానికి ఎవరూ ఏమీ చదవనక్కర్లేదు.

చదవనక్కర్లేకపోవడం అనేది తెలుగు మీడియం పిల్లలకు చిన్న సంగతి కాదు. అదే ఏడాది వచ్చిన సూపర్ మారియో బ్రదర్స్ మొదటి తెరను ఒకసారి నిదానంగా చూస్తే ఈ విద్య బోధపడుతుంది. మారియో ఎడమ పక్కన నిలబడి ఉంటాడు, ముఖం కుడివైపు, ఎదురుగా ఖాళీ స్థలం. ఎటు వెళ్లాలో అదే చెబుతుంది. నాలుగు అడుగులు వేస్తే మిణుకు మిణుకుమనే ప్రశ్న గుర్తు పెట్టె, ఎదురుగా మొహం చిట్లించుకుని వచ్చే పురుగులాంటిది. దాన్ని తాకితే చస్తాం. పోయింది ఒక్క లైఫే, మళ్లీ మొదలుపెట్టడానికి క్షణం చాలు. రెండోసారి ఎగురుతాం. ఎగిరినప్పుడు తల పెట్టెకు తగులుతుంది, నాణెం వస్తుంది. పక్కనున్న మరో పెట్టెను కొడితే పుట్టగొడుగు బయటికొచ్చి కుడివైపు జారుతుంది, గొట్టానికి కొట్టుకుని వెనక్కి తిరిగి మన మీదికే వస్తుంది. పైన ఇటుకలు ఉన్నాయి కాబట్టి తప్పించుకుందామని ఎగిరినా తల తగిలి కిందికే పడతాం. అలా ఇష్టమున్నా లేకపోయినా పుట్టగొడుగు తగులుతుంది, మారియో పెద్దవాడవుతాడు. పుట్టగొడుగు మంచిదని అలా తెలుస్తుంది. దీన్ని కావాలనే ఇలా అమర్చామని ఆ గేమ్ రూపకర్త షిగేరు మియమోటో తర్వాతి కాలంలో వివరంగా చెప్పారు. ఒక్క అక్షరం లేకుండా అరనిమిషంలో పాఠం పూర్తి.

ఇప్పటి పెద్ద గేమ్ మొదటి గంట చాలాసార్లు పాఠంతోనే సరిపోతుంది. ఈ బటన్ నొక్కు, ఇప్పుడు ఆ బటన్ నొక్కు, ఇదిగో మ్యాప్, ఇదిగో బ్యాగు, ఇదిగో నైపుణ్యాల చెట్టు. ప్రతిదానికీ ఒక ఇంగ్లీషు పేరా. తెలుగు సబ్‌టైటిళ్లున్న పెద్ద కన్సోల్ గేమ్ దొరకడం ఇప్పటికీ అరుదే. కథలు గొప్పవై ఉండొచ్చు. ఆ కథ చేరేది ఇంగ్లీషు గబగబా చదవగలిగినవాళ్లకే.

సూపర్ మారియో మొత్తం గేమ్ 40 కిలోబైట్లు. తెర మీద మేఘమూ, నేల మీద పొదా ఒకే బొమ్మ, రంగు మాత్రమే వేరు. అంత పొదుపు చేయక తప్పని పరిస్థితి. 2019లో పీసీకి వచ్చిన రెడ్ డెడ్ రిడెంప్షన్ 2కు 150 జీబీ ఖాళీ కావాలి. అంటే ముప్ఫై లక్షల రెట్లకు పైనే. ఆ పెరిగిన స్థలం వృథా పోలేదు, మంచులో గుర్రం నడిస్తే అడుగు జాడలు పడతాయి, చూడ్డానికి రెండు కళ్లు చాలవు. ఎటొచ్చీ స్థలం తక్కువైనప్పుడు ప్రతి స్టేజీ తన చోటు సంపాదించుకోవాల్సి వచ్చేది. స్థలానికి లోటు లేనప్పుడు 'ఇది అవసరమా' అని అడిగేవాడు ఉండడు. అసాసిన్స్ క్రీడ్ వాల్‌హాలా ప్రధాన కథ ఒక్కటే యాభై అరవై గంటలు పడుతుంది. పక్క పనులన్నీ చేస్తే అందుకు రెట్టింపు. చెయ్యి తిరిగినవాడు కాంట్రాను అరగంటలో ముగిస్తాడు. ఉద్యోగం, పిల్లల చదువులు, ఇంటి ఈఎంఐ ఉన్న మనిషికి రాత్రి పదిన్నర తర్వాత దొరికేది ఆ అరగంటే. పాత గేమ్ మీద మక్కువలో ఈ లెక్క వాటా పెద్దదే, ఎవరూ ఒప్పుకోరు గానీ.

2000 తర్వాత ఆట ఇంటి నుంచి నెట్ సెంటర్‌కు మారింది. విజయవాడలో ఇంటర్ కాలేజీల చుట్టూ, గుంటూరులో కోచింగ్ సెంటర్ల లైన్లలో, మెట్లెక్కి వెళ్లే చిన్న గదుల్లో పదీ పన్నెండు సిస్టమ్‌లు. గంట లెక్కన డబ్బు. అక్కడ ఆడినవి కౌంటర్ స్ట్రైక్ 1.6, వైస్ సిటీ, ఏజ్ ఆఫ్ ఎంపైర్స్, ప్రాజెక్ట్ ఐజీఐ. నెట్ కోసం వచ్చేవాళ్లకన్నా గదిలోని సిస్టమ్‌లను కలిపే ల్యాన్‌లో ఆడుకునేవాళ్లే ఎక్కువగా ఉండే గదులివి. కౌంటర్ స్ట్రైక్‌లో డస్ట్2 మ్యాప్ 2001లో డేవ్ జాన్‌స్టన్ గీసింది. ఏ మూల ఎవరు కాచుకుని ఉంటారో ఆ రోజుల్లో ఆడినవాళ్లు నిద్రలో లేపినా చెబుతారు. చచ్చినవాడు ఎదురు సిస్టమ్‌లోంచి అరిచే అరుపు హెడ్‌ఫోన్ అవసరం లేకుండానే వినిపించేది. ఇప్పుడు అదే ఆట ఆన్‌లైన్‌లో ఎవరో ముక్కూ మొహం తెలియనివాళ్లతో. నైపుణ్యం పెరిగింది, పోటీ పెరిగింది, అరుపు వినేవాడు పక్కన లేడు.

ఐజీఐ గురించి రెండు మాటలు ఎక్కువ చెప్పుకోవాలి, ఎందుకంటే పాతదంతా బంగారం అనే వాదం అక్కడే తడబడుతుంది. నార్వేకు చెందిన ఇన్నర్‌లూప్ అనే సంస్థ తయారుచేసింది, 2000 డిసెంబరులో విడుదలైంది. 14 మిషన్లు. మిషన్ మధ్యలో సేవ్ చేసుకునే వీలు లేదు. కంచె దాటి, కెమెరా ఆపి, ముప్పావుగంట పాక్కుంటూ వెళ్లి చివరి గేటు దగ్గర ఎవడో వెనక నుంచి కాలిస్తే మళ్లీ మొదటి కంచె దగ్గరే. అలారం మోగితే బ్యారక్‌లోంచి సైనికులు వస్తూనే ఉంటారు. ఇది గొప్ప డిజైనా, లేక చేతకానితనమా? నిజాయితీగా చూస్తే రెండూ. సేవ్ లేకపోవడం వల్ల ప్రతి అడుగూ టెన్షన్. అదే సేవ్ లేకపోవడం వల్ల గంట డబ్బులు గాలికి. ఆ రోజుల్లో బూతులు తిట్టుకుంటూ ఆడినవాళ్లే ఇప్పుడు దాన్ని తలుచుకుని మురిసిపోతారు. ఎమ్యులేటర్‌లో పాత గేమ్ ఆడే పెద్దమనుషులు ఎక్కడపడితే అక్కడ సేవ్ చేసుకుంటూ ఆడటం కూడా గమనించాలి. అంటే పాత కష్టం వాళ్లకూ అక్కర్లేదు.

పాత గేమ్‌లు కష్టంగా ఉండటానికి వ్యాపార కారణమూ ఉంది. ఆర్కేడ్ మెషీన్‌కు ఆటగాడు ఎంత త్వరగా చస్తే అంత త్వరగా ఇంకో నాణెం పడుతుంది. ఆ పద్ధతే ఇంటి గేమ్‌లకూ దిగింది. తయారుచేసేవాళ్లకే తట్టుకోలేని సందర్భాలూ ఉన్నాయి. గ్రేడియస్ అనే గేమ్‌ను 1986లో ఇంటి కన్సోల్‌కు మార్చేటప్పుడు పరీక్షించడం తన వల్ల కాక ప్రోగ్రామర్ కజుహిసా హషిమోటో ఒక రహస్య కోడ్ పెట్టుకున్నాడు. పైకి రెండుసార్లు, కిందికి రెండుసార్లు, ఎడమ, కుడి, ఎడమ, కుడి, బి, ఎ. కాంట్రాలో 30 లైఫ్‌లు ఇచ్చేది అదే కోడ్. పాత ఆటలో దోపిడీ లేదనుకోవడం భ్రమ. కాకపోతే ఆ దోపిడీ చావు దగ్గర ఆగేది, ఆటను ముగిస్తే దాని పని అయిపోయేది.

చెత్త గేమ్‌లకూ అప్పుడు కొదవలేదు. అటారీ 1982లో ఒక సినిమా పేరు మీద హడావిడిగా తెచ్చిన ఈ.టీ. గేమ్ ఎంత ఘోరంగా పోయిందంటే, మిగిలిపోయిన క్యాసెట్లను న్యూమెక్సికోలోని అలమగోర్డో చెత్త దిబ్బలో పూడ్చిపెట్టారు. 2014లో తవ్వి బయటికి తీశారు కూడా. కాలం జల్లెడ పట్టగా మిగిలిన మేలురకాన్ని ఈ ఏడాది వచ్చిన మొత్తం సరుకుతో పోల్చడం న్యాయం కాదు.

ఇక ఇప్పటి గేమ్ రాత్రి పదిన్నరకు తెరిచాక ఏం జరుగుతుందో చూద్దాం. మొదట అప్‌డేట్, వెయ్యి రెండు వేల ఎంబీలు. తర్వాత లాగిన్. లోపలికి వెళ్తే కొత్త ఈవెంట్ ప్రకటన, దాన్ని మూస్తే ఇంకో ప్రకటన, ఆ తర్వాత 'ఈరోజు హాజరుకు బహుమతి'. వరసగా ఏడు రోజులు వస్తేనే ఏడోది పెద్దది, ఒక్క రోజు తప్పితే గొలుసు తెగుతుంది. లాబీలో ప్రతి గుర్తు మీదా ఎర్ర చుక్క. చుక్క పోవాలంటే నొక్కాలి, నొక్కితే దుకాణం. సీజన్ పాస్ ఇంకో పన్నెండు రోజుల్లో ముగుస్తుందని గడియారం తిరుగుతుంటుంది. ఇదంతా దాటి ఆట మొదలయ్యేసరికి పదిహేను నిమిషాలు హుష్.

ఇక్కడ ఎవరి అసమర్థతా లేదు. లెక్క అలా ఉంది. ఒకసారి అమ్మి ఊరుకునే గేమ్‌కు రాబడి ఒకసారే. రోజూ వచ్చేవాడి దగ్గర రోజూ కాస్త అమ్మొచ్చు. 2006లో ఒబ్లివియన్ అనే గేమ్‌లో గుర్రానికి కవచం రెండున్నర డాలర్లకు అమ్మితే అందరూ ఎగతాళి చేశారు. 2017లో స్టార్ వార్స్ బ్యాటిల్‌ఫ్రంట్ 2లో, తెరిస్తే గానీ ఏమొస్తుందో తెలియని లాటరీ పెట్టెల గొడవ ఎంత ముదిరిందంటే, విడుదల ముందు రోజు ఆ గేమ్‌ను తెచ్చిన ఈఏ సంస్థ ఆ అమ్మకాలను ఆపేయాల్సి వచ్చింది. మరుసటి ఏడాది బెల్జియం అలాంటి పెట్టెలను జూదంగానే లెక్కగట్టింది. ఆ ఎగతాళీ, ఆ గొడవా సద్దుమణిగాయి. గుర్రం కవచం లాంటివి ఇప్పుడు చాలా గేమ్‌లలో ఉన్నాయి. అలాంటి గేమ్‌కు ముగింపు ఉంటే నష్టం. అందుకే ముగింపు ఉండదు.

జీటీఏ (గ్రాండ్ థెఫ్ట్ ఆటో) గేమ్‌ల వరసలోనే ఈ మార్పు కళ్లకు కడుతుంది. మూడో భాగం 2001లో, వైస్ సిటీ 2002లో, శాన్ ఆండ్రియాస్ 2004లో. నాలుగేళ్లలో మూడు గేమ్‌లు, మూడు ఊళ్లు. ఐదో భాగం 2013లో వచ్చాక పదేళ్లు దాటినా ఆరోది రాలేదు. కథకు కొనసాగింపు ఇస్తామన్న మాటా గాలికే పోయింది. ఆన్‌లైన్ విభాగంలో కార్లూ మేడలూ అమ్ముడవుతున్నంత కాలం తొందర ఎవరికి?

రెండో గుణం, దగ్గర ఉండటం. దీని ముందు గ్రాఫిక్స్, కష్టం, కథ అన్నీ వెనక్కి పోతాయి. సోనీ తెచ్చిన కాంకర్డ్ అనే గేమ్ 2024 ఆగస్టు 23న విడుదలై సెప్టెంబరు 6న మూతపడింది. రెండు వారాలు. డబ్బులు వెనక్కిచ్చారు సరే, గేమ్ మాత్రం లోకంలో లేదు. ది క్రూ అనే కార్ల గేమ్‌కు యూబీసాఫ్ట్ 2024 మార్చి 31న సర్వర్లు ఆపేసింది. ఒంటరిగా ఆడుకునే కథ అందులో ఉన్నా సర్వర్ లేనిదే తెరుచుకోదు కాబట్టి, డబ్బిచ్చి కొన్నవాళ్ల డిస్కులు ఉత్త ప్లాస్టిక్ అయ్యాయి. మన దగ్గర పబ్‌జీ మొబైల్‌ను 2020 సెప్టెంబరులో ప్రభుత్వం నిషేధించింది. బీజీఎంఐ పేరుతో 2021లో తిరిగొచ్చింది, 2022 జులైలో స్టోర్ల నుంచి మాయమైంది, 2023 మేలో మళ్లీ ప్రత్యక్షమైంది. నిషేధానికి కారణాలు వేరు, వాటి మంచిచెడ్డలు ఇక్కడి విషయం కాదు. ఆడేవాడి వైపు నుంచి చూస్తే తేలేది ఒకటే: రెండేళ్లు కూడబెట్టినది ఎవరి దగ్గర ఉందో వాళ్ల దయ. ట్యాంకుల గేమ్ క్యాసెట్‌ను ఇలా ఎవరూ లాక్కోలేరు.

ఇందులో ఒక చిక్కు ఉంది. వైస్ సిటీలో పాటల హక్కుల గడువు తీరడంతో తర్వాతి డిజిటల్ అమ్మకాల్లో కొన్ని పాటలు తీసేశారు. 2021 నవంబరులో మూడు పాత జీటీఏలకు మెరుగులు దిద్ది కొత్త కూర్పు తెచ్చినప్పుడు, అసలు కూర్పులను అమ్మకం నుంచి తప్పించారు. కొత్తది తప్పుల తడకగా ఉందని గోల పుట్టాక క్షమాపణ చెప్పి పాతవి మళ్లీ పెట్టారు. వార్‌క్రాఫ్ట్ 3 విషయంలోనూ 2020లో ఇదే జరిగింది, కొత్తది వచ్చి పాతదాని చోటు ఆక్రమించింది. అమెరికాలో 2010కి ముందు విడుదలైన గేమ్‌లలో 87 శాతం అప్పటికి మార్కెట్లో కొనడానికి దొరకవని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో లెక్క తేల్చింది. అంటే పాత గేమ్‌లు బతికి ఉన్నది చాలావరకు నకలు క్యాసెట్ల వల్ల, దొంగ సీడీల వల్ల, ఎమ్యులేటర్ల వల్ల. మన ఊళ్లలో అమ్మిన దొంగ సీడీలు కూడా పూర్తి గేమ్‌లు కావు. సైజు తగ్గించడానికి వైస్ సిటీలో రేడియో పాటలు కోసేసినవే ఎక్కువ. చాలామందికి ఆ గేమ్ కారులో పాటలు వస్తాయన్న సంగతే తర్వాతెప్పుడో తెలిసింది. చట్టం ఒక పక్క, జ్ఞాపకం ఒక పక్క నిలబడితే ఎటు మొగ్గాలో తేల్చడం కష్టం. తయారుచేసినవాడికి పైసా చేరని అభిమానం అని ఒప్పుకోక తప్పదు.

కొన్ని మాత్రం ఎమ్యులేటర్‌తోనూ రావు. బాతుల గేమ్ తుపాకీ అందులో ఒకటి. ట్రిగ్గర్ నొక్కగానే తెర ఒక్క క్షణం నల్లబడి, బాతు ఉన్న చోట తెల్ల చదరం మెరుస్తుంది. తుపాకీ గొట్టంలోని కన్ను ఆ వెలుగును పట్టుకుంటే తగిలినట్టు. పాత ట్యూబ్ టీవీ గీతగీతగా, ఆలస్యం లేకుండా బొమ్మ వేస్తుంది కాబట్టి ఇది పనిచేసేది. ఎల్‌ఈడీ టీవీ బొమ్మను లోపల సవరించి కాస్త ఆగి చూపిస్తుంది, తుపాకీకి ఆ లెక్క కుదరదు. ఇప్పుడు షాపుల్లో అమ్మే హెచ్‌డీఎంఐ గేమ్ స్టిక్కులు పెట్టుకుని మారియో ఆడితే 'చెయ్యి కుదరడం లేదు' అనిపించడానికీ కొంతవరకు ఇదే కారణం. వయసునే నిందించుకోనక్కర్లేదు. టీవీ సెట్టింగుల్లో గేమ్ మోడ్ ఆన్ చేస్తే ఆలస్యం చాలావరకు తగ్గుతుంది.

పాతవాటి మీద ఇష్టం అంటే పాత సంవత్సరం మీద ఇష్టమే అయితే, ఈ గేమర్లు కొత్తవాటిని ముట్టుకోకూడదు. కానీ 2016లో ఒకే మనిషి, ఎరిక్ బరోన్, తయారుచేసిన స్టార్‌డ్యూ వ్యాలీ అనే పొలం పనుల గేమ్‌ను ఇలాంటివాళ్లే ఆదరించారు. 2022 నాటి ఎల్డెన్ రింగ్ చేతులు పట్టుకుని నడిపించకుండా వదిలేసినందుకు వాళ్లే మెచ్చుకున్నారు. రెండూ ఒకసారి కొంటే చాలు, రోజువారీ హాజరు అడగవు.

రాజ్యం కట్టి సేనలు నడిపే ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 సంగతి మరీ విచిత్రం. 1999లో వచ్చింది, 2019లో కొత్త కూర్పు వచ్చింది, ఇప్పటికీ వేలమంది ఆడుతున్నారు. 2022 ఏప్రిల్‌లో భారతదేశం మీద ప్రత్యేకంగా ఒక భాగం చేర్చి బెంగాలీలను, గుర్జరులను, ద్రావిడులను అందులోకి తెచ్చారు. డబ్బిచ్చి కొనాల్సినదే, కాకపోతే ఒకసారి కొంటే ఇంకేమీ అడగదు. నెట్ సెంటర్‌లో బ్రిటన్ల విలుకాళ్లను తోలుకుంటూ పెరిగినవాళ్లు ఇప్పుడు ఇంట్లో ల్యాప్‌టాప్ మీద ద్రావిడులతో కోటలు పగలగొడుతున్నారు, సేన సరిపోకపోతే కొడుకును పక్క సిస్టమ్ మీద కూర్చోబెట్టి మరీ.